పాత ఎల్‌టీవో టేపులు కొత్త డ్రైవులో పనిచేస్తాయా? వానాకాలంలో రీడ్ ఎర్రర్లు ఎందుకు?

ప్రశ్న (బరంపురం నుంచి)

అందరికీ నమస్కారం. బరంపురంలో ఒక సహకార సంఘం కార్యాలయంలో కంప్యూటర్ల బాధ్యత చూస్తున్నాను. బ్యాకప్‌కు ఎల్‌టీవో అనే డేటా టేపులు వాడుతున్నాం (పక్కనున్న అంకె ఎన్నో తరమో చెబుతుంది). మా దగ్గర ఎల్‌టీవో-6 డ్రైవు ఉన్న టేపు లైబ్రరీ (రోబో చేత్తో టేపులను మార్చే యంత్రం) ఒకటి, అరవై టేపులు ఉన్నాయి. వాటిలో పదిహేను ఎల్‌టీవో-5వి, మిగిలినవి ఎల్‌టీవో-6వి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు సర్వర్ గదిలోకి నీళ్లు వచ్చాయి. అప్పటినుంచి ప్రతి శనివారం ఒక సెట్టు టేపులను ఊరి అవతలి గోదాము బీరువాలో పెట్టి వస్తున్నాం. అయితే ఈ వానలు మొదలైనప్పటి నుంచి గోదాము నుంచి తెచ్చిన టేపులే రీడ్ ఎర్రర్ చూపిస్తున్నాయి, డ్రైవు మీద క్లీనింగ్ లైటు వారానికి రెండుసార్లు వెలుగుతోంది. ఇంతలో ఎల్‌టీవో-8 లైబ్రరీ కొనమని, పాత టేపులన్నీ అందులోనే చదువుకోవచ్చని అమ్మకందారు అంటున్నారు. పాతదాన్ని మార్పిడి కింద ఇచ్చేయవచ్చా?

జవాబు 1 (పర్లాకిమిడి నుంచి)

దయచేసి ఇవ్వకండి. ఎల్‌టీవో-7 వరకు ప్రతి డ్రైవూ తనకన్నా రెండు తరాల వెనకటి టేపును చదివేది. ఎల్‌టీవో-8తో ఆ వెసులుబాటు పోయింది; అది 7, 8 టేపులను మాత్రమే తీసుకుంటుంది. అంటే మీ అరవైలో ఒక్కటి కూడా అందులో చదవలేరు. రెండు యంత్రాలనూ పక్కపక్కన నడిపి, ఆడిట్‌కు అవసరమైన పాత లెక్కలతో మొదలుపెట్టి కొత్త టేపుల్లోకి మార్చుకోండి. ఎల్‌టీవో-6 టేపు సామర్థ్యం 2.5 టెరాబైట్లు, ఎల్‌టీవో-8ది 12 కాబట్టి, నిండు టేపులు నాలుగు ఒకదానిలో పడతాయి. మార్చిన ప్రతి టేపు నుంచీ కొన్ని ఫైళ్లను వేరే డిస్కులోకి రీస్టోర్ చేసి తెరిచి చూసేవరకు పాతదాన్ని చెరపవద్దు. బ్యాకప్ విజయవంతమైందన్న ఒక్క సందేశాన్ని నమ్మి నేను ఒకసారి ఏడాది లెక్కలు పోగొట్టుకున్నాను.

జవాబు 2 (రాయగడ నుంచి)

ఎర్రర్లకు కారణం చెమ్మ అయి ఉండవచ్చు. ఎక్కువ కాలం దాచే టేపులకు 16 నుంచి 25 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ ఉండాలి. మన వైపు వానాకాలపు గాలి ఆ హద్దును ఎంతో దాటి ఉంటుంది. ఏసీ గదిలో చల్లబడిన టేపును బయటికి తీయగానే ప్లాస్టిక్ మీద పొగమంచులా తడి పడుతుంది, అదే తడి డబ్బాలోనూ చేరుతుంది. ఆ టేపును తెచ్చిన వెంటనే డ్రైవులో పెడితే టేపును చదివే హెడ్డు మురికి పడుతుంది. అందుకే చల్లని గదిలోనే సిలికా జెల్ సంచులు వేసి, మూత బిగిసే పెట్టెలో పెట్టి తీసుకెళ్లండి. తిరిగి తెచ్చాక, పెట్టె తెరవకుండా సర్వర్ గదిలో 24 గంటలు ఉంచండి. ఆ హెడ్డును శుభ్రం చేసే క్లీనింగ్ కార్ట్రిడ్జి సాధారణంగా 50 సార్లకు మించి పనిచేయదు, కాబట్టి వాడిన ప్రతిసారీ తేదీ రాసిపెట్టుకోండి. బార్‌కోడ్ లేబుళ్లను మామూలు కాగితం మీద ముద్రించి అంటించారేమో కూడా చూడండి. చెమ్మకు అంచు లేస్తే రోబో చేతికి చిక్కుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈరోజు బీరువా తెరిస్తే, గోడకు ఆనుకున్న కింది అరలో తొమ్మిది డబ్బాల లోపలి వైపు తడి కనిపించింది, రెండు లేబుళ్ల అంచులు లేచి ఉన్నాయి. మొన్న ఎర్రర్ ఇచ్చిన ఒక టేపు నిన్నటి నుంచి మూసిన పెట్టెలో సర్వర్ గదిలోనే ఉంది. దాన్ని ఈ సాయంత్రం పెట్టి చూస్తే మొదటి నుంచి చివరి వరకు ఎర్రర్ లేకుండా చదివింది. పాత లైబ్రరీ ఇవ్వబోమని అమ్మకందారుకు రాసి పంపాను.