పదో తరగతి తర్వాత పశుసంవర్ధక డిప్లొమానా, పాలిటెక్నికా?

అందరికీ నమస్కారం. మాది పుంగనూరు దగ్గర పల్లెటూరు. మా అన్న కూతురు ఈసారి పదో తరగతి పాసైంది. ఇంటర్‌లో చేరనంటోంది, పని నేర్పే చదువే కావాలట. అందులో తప్పేమీ లేదు. తప్పంతా ఇంటికొచ్చి ఎంపీసీ, బైపీసీ అంటూ ఊదరగొట్టే బంధువులది.

పిల్లకు పశువులంటే ప్రాణం. ఈనే ఆవు దగ్గర రాత్రంతా కూర్చుంటుంది. అందుకే శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా వైపు మనసు పోతోంది. పలమనేరులోనే ఆ కోర్సు చెప్పే పశుసంవర్ధక పాలిటెక్నిక్ ఉంది. మా అన్న మాత్రం తిరుపతి పద్మావతి మహిళా పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేయిస్తే ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చంటున్నాడు. ఐటీఐ మాట ఎత్తితే వదిన ఒప్పుకోవడం లేదు.

పలమనేరులో చదివినవారు ఎవరైనా ఉంటే చెప్పండి: ఆడపిల్లలకు హాస్టల్ ఎలా ఉంటుంది? ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్ రాకపోతే ప్రైవేటు డెయిరీలు తీసుకుంటాయా, జీతం ఎంత ఇస్తాయి? తర్వాత పశువైద్య డిగ్రీకి వెళ్లే దారి ఉందా? ఇంజినీరింగ్ పాలిటెక్నిక్ చదివి శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న అమ్మాయిలు ఉంటే వారి అనుభవం కూడా కావాలి. దరఖాస్తు గడువులోగా తేల్చుకోవాలి, దయచేసి త్వరగా రాయండి.