‘తొలగించాలి’ అన్న మాట దగ్గర ఇరుక్కుపోయాను, సాయం చేయండి

తర్జుమా రావు:
ఒక చిన్న పత్రిక కోసం దక్షిణాఫ్రికా మీద వ్యాసం అనువదిస్తున్నాను. మూడు రోజుల నుంచి ఒక్క మాట కదలనివ్వడం లేదు.

సందర్భం చెబుతాను. క్రాడక్ అనే ఊళ్లో మాథ్యూ గోనివే అని ఒక బడిపంతులు. శ్వేతజాతి ప్రభుత్వం మీద ఊరంతటినీ కూడగట్టినవాడు. వేరే ఊరికి బదిలీ చేస్తే పోనన్నాడు, ఉద్యోగం పోయింది. 1985 జూన్ 7న ఆ ప్రాంతపు సైనిక కార్యాలయం నుంచి దేశ భద్రతా మండలి సచివాలయానికి ఒక సందేశం వెళ్లింది. అందులో మూడు పేర్లు: మాథ్యూ గోనివే, ఎంబులేలో గోనివే, ఫోర్ట్ కలాటా. వీళ్లని ‘అత్యవసరంగా, సమాజం నుంచి శాశ్వతంగా తొలగించాలి’ అని సిఫారసు. సరిగ్గా ఇరవై రోజులకి, జూన్ 27 రాత్రి, పోర్ట్ ఎలిజబెత్‌లో మీటింగు ముగించుకుని కారులో తిరిగొస్తున్న నలుగురు ఇల్లు చేరలేదు. మాథ్యూ, కలాటా, స్పారో ఎంకొంటో, సిసేలో మ్లావులి. తర్వాత కాలిన శవాలు దొరికాయి. చివరి ఇద్దరి పేర్లూ ఆ సందేశంలో లేనే లేవు.

మొదటి ప్రతిలో ‘అంతమొందించాలి’ అని రాశాను. తెల్లారి చదివితే నాకే నచ్చలేదు. రాసినవాడు దాచిపెట్టిన అర్థాన్ని నేను బయటికి లాగి పెట్టేశాను. అలాగని ‘తొలగించాలి’ అని వదిలేస్తే పాఠకుడు చూసుకోకుండా దాటిపోతాడేమోనని భయం. ఏం చేయమంటారు?

పాత డెస్కు:
‘అంతమొందించు’ కొట్టేయండి రావుగారూ. అది సినిమా పోస్టర్ మాట. ‘అడ్డు తొలగించుకున్నారు’ అన్నామనుకోండి, మనవాళ్లకి చావు కబురు వెంటనే అందుతుంది. ‘అడ్డు’ తీసేస్తే అది ఉత్త ఆఫీసు మాట. ఓటర్ల జాబితాలోంచి పేరు తొలగించారు, రోడ్డు మీద ఆక్రమణలు తొలగించారు. మీకు కావలసింది ఆ ఆఫీసు వాసనే. పైగా ఆ మాస్టారిని ముందు ఉద్యోగంలోంచి తొలగించారు కదా. అదే క్రియ రెండోసారి సమాజంలోంచి అని వస్తుంది. ఇంగ్లీషులో దొరకని లాభం, వదులుకోకండి.

ఓరుగల్లు పిల్ల:
‘లేపేయాలె’ అంటే కాదా అంకుల్? మా దిక్కు గట్లనే అంటరు.

పాత డెస్కు:
అంటారమ్మా, కానీ ఫైల్లో రాయరు. లేపేస్తానన్నవాడు అర్థం దాచుకోడు. ఇక్కడ సంతకం పెట్టే అధికారికి దాచుకోవడం అవసరం.

తర్జుమా రావు:
కోర్టులో జరిగిన గొడవ కూడా అక్షరాలా ఇదే. 1992లో ఆ సందేశం ఒక పత్రికలో బయటపడింది, ఆ చావుల మీద విచారణ మళ్లీ తెరిచారు. తొలగించడం అంటే నిర్బంధించడం లాంటిదేగానీ చంపడం కాదని సైన్యం వైపు వాదన. 1994లో న్యాయమూర్తి జీట్స్‌మన్ ఒప్పుకోలేదు, అది చంపమన్న సిఫారసేనన్నారు. భద్రతా బలగాలే చంపాయన్నారు. ఫలానావాడు చంపాడని మాత్రం తేల్చలేకపోయారు. ఒక నిఘంటువు పేచీ మీద నలుగురి హత్య కేసు నడవడం నేను ఇంకెక్కడా చూడలేదు. మూలం ఆఫ్రికాన్స్‌లో ఉంది. అక్కడి క్రియకీ తీసేయడం, తొలగించడం అనే అర్థం. అంటే మన మాట దానికి సరిగ్గా సరిపోతుంది. సరే, ‘తొలగించాలి’ ఖాయం.

ఇప్పుడు రెండో తలనొప్పి. 1960 మార్చి 1 నుంచి 1994 మే 10 దాకా జరిగిన ఘోరాల మీద డెస్మండ్ టూటూ అధ్యక్షతన సత్య, సయోధ్య కమిషన్ వేశారు కదా. 21,000కి పైగా వాంగ్మూలాలు తీసుకున్నారు. వాళ్ల నివేదిక ఏడో సంపుటం మొత్తం బాధితుల పేర్లే, అక్షరక్రమంలో. ఒక్కొక్కరికి రెండు మూడు వాక్యాలు. అన్నీ ఒకే అచ్చు: ఫలానా, ఇన్నేళ్లు, ఫలానా పార్టీ మద్దతుదారు, ఫలానా రోజున ఫలానా ఊళ్లో పోలీసులచేత కాల్చి చంపబడ్డాడు. నేను ఇలాంటివి ఓ నలభై తెలుగు చేయాలి. పదో పేరుకి ‘బడ్డాడు, బడ్డాడు’ అని చెవులు హోరెత్తిపోతున్నాయి.

సూరిగారి శిష్యుడు:
నాయనా, ‘చంపబడ్డాడు’ తప్పు కాదు గానీ ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. మనకి సహజమైనది ‘చంపారు’. ‘పోలీసులు కాల్చి చంపారు’ అని రాయి, పని అయిపోతుంది. ఇంగ్లీషు వాక్యంలో పోలీసులు చివర వస్తారు, మన వాక్యంలో ముందు నిలబడతారు. అది మంచిదేగా.

తర్జుమా రావు:
ఎవరు చంపారో తెలియని చోట ఏం చేయాలి మాస్టారూ?

సూరిగారి శిష్యుడు:
అక్కడే మన భాష జారిపోయేది. ‘వాణ్ణి చంపారు’. కర్త లేడు. ఉన్నాడన్నట్టు క్రియ చివర ‘రు’ మాత్రం ఉంది. ‘ఊళ్లో కరెంటు తీసేశారు’, ‘వాణ్ణి చంపేశారు’, రెండూ ఒకే కట్టుబడి. వినేవాడు ఎవరని అడగడు కూడా. ‘మృతి చెందారు’ ఇంకా ఘోరం. అందులో చంపినవాడికి చోటే లేదు.

పాత డెస్కు:
నా పాపం కూడా ఒప్పుకుంటాను. ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని నేను ఎన్ని వందలసార్లు రాశానో. అది కర్తే, కానీ ముసుగేసుకున్న కర్త.

తర్జుమా రావు:
మొదటి విచారణ కూడా సరిగ్గా అదే తేల్చింది సార్, గుర్తు తెలియని వ్యక్తులు అని.

మాస్టారి మాట చదివాక నాకు ఒక సంగతి తట్టింది. 1996 ఏప్రిల్‌లో ఈస్ట్ లండన్‌లో కమిషన్ మొదటి బహిరంగ విచారణ. మ్లావులి కూతురు అక్కడ మాట్లాడింది. క్షమించాలని మాకు ఉంది, కానీ ఎవర్ని క్షమించాలో తెలియడం లేదు, అంది. తెలుగులో చెప్పాలంటే ఆ పిల్ల అడిగింది కర్తనే. ‘మా నాన్నని చంపారు’ అన్న వాక్యంలో ఆ ‘రు’ ఎవరో చెప్పమంది. తర్వాత కొందరు పోలీసులు క్షమాభిక్షకి అర్జీ పెట్టుకున్నారు. నిజం పూర్తిగా చెప్పలేదని 1999లో తిరస్కరించారు. 2025 జూన్‌లో మూడోసారి విచారణ మొదలైంది.

లాయరమ్మ:
రావుగారూ, ‘విచారణ’ అని మీరు వాడుతున్నది ఇన్‌క్వెస్ట్‌కేనా? పొరపాటున ‘శవపంచనామా’ అని రాయకండి. మన దగ్గర ఇన్‌క్వెస్ట్ అంటే ఎస్సై గారు నలుగురు పంచులని నిలబెట్టి శవం మీద గాయాలు రాసుకోవడం. అక్కడ అది కోర్టులో జడ్జి ముందు సాక్షులని నిలదీసే తతంగం. అక్కడే ఆ ప్రభుత్వం మీద పోరాడి పోలీసుల నిర్బంధంలో చనిపోయిన అహ్మద్ తిమోల్ కేసు చూడండి. 1971లో పోలీసు భవనం పదో అంతస్తు నుంచి దూకాడన్నారు, 1972లో ఇన్‌క్వెస్ట్ ఆత్మహత్య అంది. 2017లో మళ్లీ తెరిస్తే జడ్జి మోత్లే అది హత్య అన్నారు. ‘దూకాడు’ పోయి ‘తోశారు’ రావడానికి 46 ఏళ్లు. ‘మరణ విచారణ’ అని రాయండి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యం వివరణ ఇవ్వండి.

డర్బన్ మనవడు:
అందరికీ నమస్కారం. మా ముత్తాత కూలీగా ఓడెక్కి వచ్చారు, నా తెలుగు ఇక్కడి తెలుగువాళ్ల సభలో నేర్చుకున్నది, తప్పులు క్షమించండి. సిసేలో అనే పేరులో ‘సే’ మీరు పలికే ‘సే’ కాదు. అది ఖోసా భాషలో నాలుక పళ్లకి తగిలించి లాగే చప్పుడు. మా అమ్మమ్మ ఎవరైనా పోయారని వింటే ‘ప్చ్’ అంటుంది చూడండి, ఆ చప్పుడే. ఆ పేరుకి విన్నపం అని అర్థం.

ఓరుగల్లు పిల్ల:
అన్నా, ఇది చదివి నేను మూడుసార్లు పలికి చూసిన. మా అమ్మ వంటింట్ల నుంచి ‘ఏమైందే, ఎవరు పోయిండ్రు’ అనుకుంట వచ్చింది.

నెల్లూరోడు:
మా జిల్లా పేరు రాకుండా ఈ చర్చ ముగియనివ్వను. మా ఏనుగ శ్రీనివాసులు రెడ్డి గారు ఐక్యరాజ్య సమితిలో ఉద్యోగం చేస్తూ, దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద పోరాటానికే జీవితం పెట్టారు. అక్కడి రాజకీయ ఖైదీలని విడిచిపెట్టమని 1963 అక్టోబరులో సర్వసభ్య సభ తీర్మానం చేస్తే 106 ఓట్లు అనుకూలం, వ్యతిరేకం ఒక్కటే, దక్షిణాఫ్రికాది.

సూరిగారి శిష్యుడు:
అక్కడి బాధితులు పెట్టుకున్న సంఘం పేరు ‘ఖులుమాని’ అని చదివాను. డర్బన్ బాబూ, అర్థం ఏమిటి?

డర్బన్ మనవడు:
జూలూలో ‘ఖులుమా’ అంటే మాట్లాడు. చివర ‘ని’ చేరిస్తే ఎక్కువమందితో అన్నట్టు, మాట్లాడండి. మీ ‘అండి’ లాగే తాతగారూ.

తర్జుమా రావు:
అందరికీ దండాలు. నలభై పేర్లూ తిరగరాశాను. చంపినవాళ్లు ఎవరో నివేదికలో ఉన్న ప్రతిచోటా వాక్యం మొదట్లోనే పెట్టాను: పోలీసులు, సైనికులు, అవతలి పార్టీ మనుషులు. లేని పదకొండు చోట్ల ‘చంపారు. ఎవరో నివేదికలో లేదు’ అని రెండు వాక్యాలుగా రాశాను. పత్రికవాళ్లు ఆ రెండో వాక్యం పదకొండుసార్లు వస్తే బాగోదు, ఒకసారి చాలు అంటున్నారు. నేను ఇంకా ఒప్పుకోలేదు.