ఇంట్లో డాక్టరు లేకపోతే మెడికల్ సీటు రాదా?

గుత్తి నుంచి ఒక తండ్రి:
మాది అనంతపురం జిల్లా. వేరుశనగ వేస్తాం. పాప నీట్ ర్యాంకు కన్వీనర్ కోటా అంచున ఉంది. "పెద్ద డాక్టరు మాకు చుట్టమే, రెండు లక్షలు అడ్వాన్సు ఇస్తే మాట చెప్పిస్తాను" అని కర్నూలు బంధువు ఒకాయన రోజూ ఫోను చేస్తున్నాడు. మా వంశంలో డాక్టరు అన్నవాడు లేడు. సిఫార్సు లేదని పాపను పక్కన పెడతారేమోనని నిద్ర పట్టడం లేదు. ఇవ్వమంటారా?

ఆదోని అబ్బాయి:
పైసా కూడా ఇవ్వకండి అన్నా. కన్వీనర్ సీట్లను ర్యాంకు, రిజర్వేషన్, స్థానికత చూసి విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కేటాయిస్తుంది. అందులో ఏ డాక్టరు మాటకూ చోటు లేదు. 2016 నుంచి ప్రైవేటు కాలేజీల మేనేజ్‌మెంట్ సీట్లకూ నీట్ తప్పనిసరి.

మా నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. నేను 2018లో కర్నూలు మెడికల్ కాలేజీలో చేరాను, ఎవరూ చెప్పకుండానే. కానీ చుట్టరికం అసలు పనికిరాదని మాత్రం అనను. నా రూమ్మేట్ మేనత్త డాక్టరు. వెబ్ ఆప్షన్లకు, అంటే కావాల్సిన కాలేజీలను వరుసగా ఆన్‌లైన్‌లో పెట్టడానికి, ముందురోజు రాత్రి ఆమె ప్రతి కాలేజీ పాత కటాఫ్ చూసి, పెన్సిలుతో వరుస రాసి ఇచ్చిందట. నేను నెట్ సెంటర్లో కుర్రవాడు చెప్పిన పది కాలేజీలు పెట్టి ఇంటికి వచ్చాను. ర్యాంకు బాగుంది కాబట్టి గట్టెక్కాను. మీ పాపలా అంచున ఉంటే సీటు చేజారేది. అందుకే ప్రభుత్వ కాలేజీలన్నీ, తర్వాత ప్రైవేటులో కన్వీనర్ సీట్లన్నీ, ఇష్టమైన వరుసలో ఒక్కటీ వదలకుండా పెట్టించండి. ఆ మేనత్త చేసిన సాయం అదే. దాన్ని మీ పాపకు నేను చేస్తాను.

కడప నుంచి ఒక అమ్మ:
అన్నగారూ, మా మరిది కువైట్‌లో డ్రైవరు. ఆయన పేరుతో ఎన్ఆర్ఐ కోటాలో, అంటే విదేశాల్లో ఉండే మనవాళ్ల కోటాలో, సీటు ఇప్పిస్తామని ఒక ఏజెంటు మా ఇంటికీ వచ్చాడు. 2024 ఆగస్టులో పంజాబ్ ప్రభుత్వం ఆ కోటాలోకి దూరపు బంధువులనూ తెస్తే సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. ఆ వార్త చదివాక ఏజెంటును గడప దాటించాను.

గుత్తి నుంచి తండ్రి:
బంధువుకు ఇవ్వనని చెప్పేశాను. కోపం వచ్చింది, రానీ. బాబూ, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు కావాలంటున్నారు. పాప ఆరు, ఏడు చదివిన బడి మూతపడింది. ఎవరిని అడగాలి?

ఆదోని అబ్బాయి:
బడి రికార్డులు ఎక్కడున్నాయో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో చెబుతారు. రేపు పొద్దున్నే వెళ్లండి. సాయంత్రం పాపతో ఫోను చేయించండి, ఆప్షన్ల వరుస రాద్దాం.