అప్‌డేట్: నోరు ఎండిపోవడానికి కారణం దొరికింది

రాత్రిళ్లు నాలుక అంగిలికి అతుక్కుపోతోంది, ఎన్ని నీళ్లు తాగినా అంతే అని అడిగాను కదా. షుగర్ చూపించుకోమన్నారు, చూపించుకున్నాను, నార్మలే. చిక్కంతా నా మందుల్లో ఉందట: నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, అలర్జీకి క్లోర్‌ఫెనిరమైన్. రెండూ లాలాజలాన్ని తగ్గించేవే, కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. డాక్టరు మొదటిదాని డోసు తగ్గించి, రెండోదాని బదులు ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇచ్చారు. (మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.)

చాలా నయం, పూర్తిగా పోలేదు. పగలు జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్ బాగా పనిచేస్తోంది. రాత్రికి నోరు తడిగా ఉంచే జెల్, రుచి ఘోరం. లాలాజలం తగ్గితే పళ్లు త్వరగా పుచ్చిపోతాయని డెంటిస్టు ఫ్లోరైడ్ బాగా ఎక్కువగా (5000 పీపీఎం) ఉండే పేస్టు రాశారు, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ మానేయమన్నారు.