రాత్రి మడవలు కట్టడం, పనలు ఎత్తడం: రక్తపింజరలున్న చేలో ఏం జాగ్రత్తలు?

వరిగట్టు:

మాది కృష్ణా డెల్టాలో అవనిగడ్డ వైపు. ఎనిమిది ఎకరాల సార్వా (వానాకాలం) వరి. వంతు నీళ్లు ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి కాబట్టి మడవలు (గట్టులో నీళ్లు పారే గండ్లు) కట్టడానికి గట్ల మీద తిరగక తప్పదు. 2018 ఆగస్టులో మా దివిసీమలో వరసగా పాము కాట్లు పడ్డప్పటి నుంచి రాత్రి పని అంటే కూలీలు జంకుతున్నారు. నాకు తేలాల్సినవి ఇవి: గమ్‌బూట్లు నిజంగా కాటును ఆపుతాయా, ఎంత ఎత్తువి కొనాలి? కర్రతో నేల కొడుతూ నడిస్తే సరిపోతుందా? కోతలప్పుడు పనలు (కోసి చేలో పరిచిన వరి) ఎత్తేవాళ్లకు ఏం చెప్పాలి? విరుగుడు ఇంజెక్షను సీసాలు నాలుగు కొని ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా? గట్ల వెంట ఫినాయిలు, వెల్లుల్లి నీళ్లు, గంధకం చల్లాలని మా పెద్దాళ్ల పట్టు. దానికీ ఒక మాట చెప్పండి.

లాంతరు:

ముందు కర్ర సంగతి. నేల అదిరితే నాగుపాము, జెర్రిపోతు సాధారణంగా తప్పుకుంటాయి. రక్తపింజర తీరు వేరు. దాని వీపు మీద గొలుసులా మూడు వరసల మచ్చలుంటాయి, ఎండుగడ్డిలో అవి ఇట్టే కలిసిపోతాయి. ఆ మచ్చల్నే నమ్ముకుని కదలకుండా పడుంటుంది. మనిషి బాగా దగ్గరికొచ్చాక కుక్కర్‌లోంచి ఆవిరి తన్నుకొచ్చినట్టు బుస కొడుతుంది. ఒక్కోసారి ఆ బుస కూడా ఉండదు. కాబట్టి కర్ర చప్పుడుకు అన్నీ పారిపోతాయనుకుని చీకట్లో నడిస్తే, ఎక్కువ ప్రమాదం ఉన్న పామే దారిలో మిగిలిపోతుంది. కర్ర ఉండాలి, కాని చప్పుడు కోసం కాదు. అడుగు వేయబోయే చోట గడ్డిని పాయ తీసి చూడటానికి. అయిదడుగులది చాలు.

అసలు పని చేసేది వెలుతురు. సెల్‌ఫోన్ లైటుతో సరిపెట్టుకోకండి, దాని వెలుగు దూరం పోదు, పైగా ఒక చెయ్యి దానికే పోతుంది. మడవ కట్టేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి తలకు కట్టుకునే లైటు మంచిదే. అయితే దానికో లోపం ఉంది. వెలుగు కంటి ఎత్తు నుంచి పడితే నేల మీది వస్తువు నీడ మనకు కనిపించదు, పాము మచ్చలు గడ్డిలో చదునుగా కలిసిపోతాయి. నడిచేటప్పుడు చేతి టార్చిని మోకాలి ఎత్తులో పట్టుకుని రెండు మూడడుగుల ముందుకు వేస్తే దేని నీడ దానికి పడి ఆకారం తెలుస్తుంది. నడకకు చేతి టార్చి, పనికి తల లైటు, రెండూ ఉండాలి. ఇంకోటి, పాము కళ్లు పిల్లి కళ్లలా మెరవవు. మెరుపు కోసం వెతికితే దొరకదు, ఆకారం కోసమే చూడాలి.

బూట్లు. మోకాలి కిందిదాకా వచ్చే మందపాటి పీవీసీ గమ్‌బూట్లు. పొలంలో పడే కాట్లలో ఎక్కువ భాగం పాదం, చీలమండ, పిక్క కింది భాగంలోనే కాబట్టి ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుంది. రక్తపింజర కోరలు పొడవైనవి, సుమారు సెంటీమీటరున్నర దాకా ఉంటాయి. బూటు కాలికి అతుక్కుపోయి ఉంటే దిగే అవకాశం ఉంది. లోపల కాస్త ఖాళీ ఉంటే కోర బూటులోనే ఆగుతుంది. అందుకని ఒక సైజు పెద్దది కొని మందపాటి నూలు సాక్సు వేయించండి. ప్యాంటు బూటు లోపలికి దోపవద్దు, బూటు మీదికి వదలండి.

ఇక్కడ చాలామంది దాచే చిక్కు ఒకటుంది. దమ్ము చేసిన బురదలో వదులు బూటు దిగబడిపోతుంది, కాలు వస్తుంది గాని బూటు రాదు. నాట్లేసేవాళ్లను బూట్లు వేసుకోమంటే ఒక్కరూ వేసుకోరు, అందులో వాళ్ల తప్పేం లేదు. బూట్లు గట్ల మీద తిరిగేవాళ్లకు, కోతల్లో ఆరిన చేలో దిగేవాళ్లకు తప్పనిసరి చేయండి. పని అయ్యాక బోర్లించి గుంజకు తగిలించాలి. వేసుకునే ముందు తలకిందులు చేసి రెండుసార్లు నేలకు కొట్టాలి, కప్పల నుంచి తేళ్ల దాకా అన్నీ అందులో దూరతాయి.

ఫినాయిలు, వెల్లుల్లి, గంధకం ఏవీ పామును ఆపవు. చల్లిన చోటి మీదుగానే దాటిపోతుంది. పెద్దాళ్లతో వాదించే బదులు ఆ డబ్బుతో ఇంకో జత బూట్లు కొనండి.

పనల సంగతి: కోసి ఆరబెట్టిన పన కింద చల్లగా ఉంటుంది, ఎలుకలు చేరతాయి, వాటి వెనకే పాము. చేత్తో నేరుగా ఎత్తించకండి. కొక్కెం ఉన్న కర్రతో పన అవతలి అంచును పట్టి మన వైపుకు తిరగేయాలి. అప్పుడు కింద ఏదైనా ఉంటే పన మనకూ దానికీ మధ్య అడ్డంగా ఉంటుంది. ఇవతలి అంచు ఎత్తితే నేరుగా మన కాళ్ల మీదికే వస్తుంది. కొడవలితో కోసేవాళ్లకు ప్రమాదం ఎడమ చేతికి. దుబ్బు మొదట్లో చెయ్యి పెట్టే ముందు కొడవలి వీపుతో ఒకసారి కదపడం అలవాటు చేయాలి.

డ్యూటీ డాక్టరు:

విరుగుడు ఇంట్లో పెట్టుకోవడం గురించి. వద్దు. కారణాలు చెబుతాను, ఊళ్లో నలుగురికీ చెప్పండి.

మన దగ్గర దొరికే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ కలిపి చేసింది. ఒక సీసా అంటే 10 మిల్లీలీటర్లు. విషం ఎక్కిన లక్షణాలుంటే మొదటి విడతలోనే మామూలుగా 8 నుంచి 10 సీసాలు సెలైన్‌లో కలిపి సుమారు గంటలో ఎక్కిస్తాం. మీ నాలుగు సీసాలు అందులో సగానికి మించవు. గుర్రం రక్తం నుంచి తీసిన మందు కాబట్టి ఎక్కిస్తుండగానే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం లాంటివి రావచ్చు. అందుకే వాటిని ఆపే అడ్రినలిన్ ఇంజెక్షను పక్కనే సిద్ధంగా పెట్టుకుంటాం. కాటు చుట్టూ పొడిస్తే ఉపయోగం లేదు, రక్తనాళంలోకే ఇవ్వాలి. పిల్లలకూ పెద్దలకు ఇచ్చినన్ని సీసాలే, ఎందుకంటే పాము వదిలే విషం మనిషి బరువును బట్టి తగ్గదు.

సీసాలు కొనే బదులు చేయాల్సిన పని ఒకటుంది. సీజనుకు ముందే మీకు దగ్గరి ఆసుపత్రికి వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి: విరుగుడు ఇప్పుడు నిల్వ ఉందా? రాత్రి డాక్టరు ఉంటారా? వెంటిలేటరు, డయాలసిస్ దగ్గర్లో ఎక్కడ? నాగు, కట్లపాము విషం ఊపిరి కండరాలను పడేస్తుంది కాబట్టి వెంటిలేటరు. రక్తపింజర మూత్రపిండాల మీద పడుతుంది కాబట్టి డయాలసిస్. మొదటి విరుగుడు దగ్గర్లో మొదలుపెట్టించి, తర్వాత పెద్దాసుపత్రికి తరలించడం మేలు. విరుగుడు ఉన్న చోటును దాటేసి నేరుగా దూరపు పట్నానికి పరిగెత్తడం వల్ల గంటలు పోతాయి.

కాటు పడగానే: పాముకు దూరంగా జరిగి కూర్చోబెట్టాలి. ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు, మొలతాడు, బిగుతు గాజులు వెంటనే తీసేయాలి, వాపు ఎక్కాక అవి కండను కోస్తాయి. కాటు పడిన కాలికో చేతికో, ఎముక విరిగినప్పుడు కట్టినట్టు రెండు వైపులా బద్దలు పెట్టి తువ్వాలుతో వదులుగా కట్టాలి, కట్టు లోపలికి వేలు దూరాలి. నడిపించకూడదు. కొయ్యడం, పీల్చడం, ఐసు పెట్టడం, తాడు బిగించడం, పసరు పొయ్యడం, కరెంటు షాకివ్వడం, ఏవీ వద్దు. పసరు మందుతో బతికారని చెప్పే వాళ్లలో చాలామందిని కరిచింది విషం లేని పాము అయ్యుంటుంది, లేదా పాము కరిచి కూడా విషం వదలకపోయి ఉంటుంది. ఆ రెండూ మామూలే.

108 ఆలస్యమైతే బైకు మీదే తీసుకురండి. నడిపేవాడు, మధ్యలో రోగి, వెనక పట్టుకునేవాడు. వాంతి వస్తుంటే కారులో ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఊపిరి తగ్గిపోతే నోటితో ఊదుతూనే ఉండాలి, మానకూడదు. నాగు, కట్లపాము కాట్లలో గుండె ఆడుతూనే ఉంటుంది, ఊపిరి అందిస్తే మనిషి దక్కుతాడు.

మాకు చెప్పాల్సింది కాటు పడిన టైము, ఆ తర్వాత ఏ లక్షణం ఎన్నింటికి మొదలైందో. కనురెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, చిగుళ్ల నుంచి రక్తం, ఎర్రటి మూత్రం, వాపు ఎంత దాకా ఎక్కిందో పెన్నుతో గీత, పక్కన టైము. పామును చంపి తేవద్దు. తెగిన తల కూడా కాసేపటి దాకా కరుస్తుంది. దూరం నుంచి ఫోటో దొరికితే సరే, లేకపోయినా నష్టం లేదు, మందు ఎలాగూ ఒకటే.

ఆసుపత్రిలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాం. ఒంపితే గడ్డకట్టకుండా జారితే పింజర విషం ఎక్కినట్టు. మొదటిసారి గడ్డకట్టినంత మాత్రాన ఇంటికి పోవద్దు, కనీసం 24 గంటలు ఉండాలి.

చేను సీమ:

లాంతరు గారు చెప్పింది డెల్టాకు సరిపోతుంది. అనంతపురం వైపు ఎర్రనేలల్లో బాధ చిన్న పింజరతోనే. మూరెడు, మూరన్నర ఉంటుంది అంతే. చిన్నదే కదా అని కాలితో తోసేస్తారు. ఒళ్లు చుట్టలు చుట్టుకుని పొలుసులు రాస్తూ రంపం గీసినట్టు గరగర మనిపిస్తుంది, ఆ చప్పుడు వింటే వెనక్కి అడుగెయ్యాలి. రాతి కట్టల సందుల్లో, పీకి ఆరబెట్టిన వేరుశనగ కట్టె కింద ఉంటుంది. ఆ కుప్పలను చేత్తో పొదివి ఎత్తకుండా పంగల కర్రతో ఎత్తండి. రాళ్లు ఏరేటప్పుడు గడ్డపారతో ఒకసారి కదిపి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి.

మోటారు స్టార్టర్ డబ్బా సంగతి ఎవరూ చెప్పలేదు. లోపల వెచ్చగా ఉంటుంది, బల్లులు, కప్పలు చేరతాయి. కేబుల్ లోపలికి పోయే కంతను మూయకపోతే పాము అక్కడే కాపురం పెడుతుంది. కరెంటు ఆపేసి ఎలక్ట్రీషియన్ చేత ఆ కంతకు బిరడా వేయించండి. మూత తీసేటప్పుడు ఎదురుగా నిలబడకుండా పక్కకు నిలబడి, పొడి కర్రతో తెరవాలి.

వరిగట్టు:

అందరికీ నమస్కారాలండి. ఇంకో రెండు. కోత మిషన్ పెడితే పాములన్నీ చివరి మడిలోకి చేరుతున్నాయి, ఆఖర్న గింజలు ఏరుకునే ఆడవాళ్లకు భయంగా ఉంది. రాత్రి కాపలా పాకలో ఇద్దరు పడుకుంటారు, నేల మీద చాపలే. ఇంకొకటి, ఎవరైనా ముందే తాడు బిగించేసి ఉంటే దారిలో విప్పేయాలా?

లాంతరు:

మిషన్ చుట్టూ తిరుగుతూ బయటి నుంచి లోపలికి కోస్తే అన్నీ నడిమి ముక్కలోకి తరుముకుపోతాయి. ఒక పక్క నుంచి మొదలుపెట్టి కాలవ గట్టు వైపుకో బీడు వైపుకో కోసుకుంటూ పొమ్మనండి, తప్పుకోవడానికి దారుంటుంది. అయినా చివరి నాలుగు సాళ్లలో వెంటనే చేతులు పెట్టనివ్వకండి.

చాపలు మాన్పించండి. మంచం, దోమతెర. కట్లపాము కాట్లు ఎక్కువగా రాత్రి నేల మీద నిద్రపోయేవాళ్లకే. నొప్పి, వాపు దాదాపు ఉండవు, కోర గుర్తు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, గొంతు పట్టేసినట్టు ఉండటం, రెప్పలు వాలడం కలిసి వస్తే అజీర్తి అనుకుని సోడా తాగించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దోమతెర అంచులను పరుపు కిందికి నాలుగు పక్కలా దోపాలి. కిందికి వేలాడే తెర, నేలకు జారే దుప్పటి పాము ఎక్కడానికి నిచ్చెనలు. పాకలో ధాన్యం బస్తాలు, గడ్డి పెట్టకండి.

కలుగులు:

ఎలుకలు తగ్గకుండా పాములు తగ్గవు. గట్లు ఎంత సన్నగా ఉంటే ఎలుక కలుగులు అంత తక్కువ. సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూసేయండి. మర్నాడు తెరుచుకున్నవే ఎలుకలున్నవి. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, ఎలుకల మందు బ్రోమోడయోలోన్ 0.25 శాతం పొడి 2 పాళ్లు కలిపి, 15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టి, ఒక్కో కలుగులోకి ఒక్కోటి కర్రతో తోయాలి. చెయ్యి పెట్టొద్దు, లోపల ఉన్నది ఎలుకే అని నమ్మకం లేదు. ఒక్క రైతు పెడితే పక్క చేల నుంచి మళ్లీ వచ్చేస్తాయి, ఆయకట్టంతా ఒకే వారంలో పెట్టాలి. మిగిలిన మందు, చచ్చిన ఎలుకలు లోతుగా పాతేయండి. కుక్కలు తింటాయి.

డ్యూటీ డాక్టరు:

తాడు విషయం. దారిలో ఒక్కసారిగా విప్పొద్దు. కట్టు కింద ఆగిన విషం ఒకేసారి ఒంట్లోకి పోతే మనిషి దారిలోనే కూలిపోవచ్చు. అలాగే ఉంచి, ఎన్నింటికి కట్టారో రాసి తీసుకురండి. విరుగుడు ఎక్కడం మొదలయ్యాక మేమే మెల్లగా వదులు చేస్తాం. వేళ్లు నల్లబడుతున్నాయంటే దారిలోనే ఫోన్ చేసి చెప్పండి.