తాతగారి టోపీ తుపాకీకి కొత్త బ్రీచ్ ప్లగ్ వేయించాలి, పర్లాకిమిడి చుట్టుపక్కల ఎవరు చేస్తారు?

మహేంద్రతనయ_ఒడ్డు

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి పక్క పల్లె, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా తాతగారు పోయి పదకొండేళ్లయింది. మొన్న ఇంటి పెంకు మార్పిస్తుంటే అటక మీద గోనెసంచిలో చుట్టిన ఆయన టోపీ తుపాకీ దొరికింది. మూతి నుంచి మందు కూరి, గొట్టం వెనక ఉండే నిపుల్ అనే చిన్న మొన మీద టోపీ పెట్టి పేల్చే రకం. అడవిపందుల నుంచి మొక్కజొన్న కాపాడుకోవడానికి లైసెన్సు మీద పెట్టుకున్నది. అంచులు చెద తినేసిన లైసెన్సు పుస్తకం ఉంది, మన ఊరి కొమ్ముపని వాళ్ల చేత చేయించుకున్న, తుపాకీ మందు పోసుకునే బుర్ర కూడా ఉంది, దాని మూత ఇప్పటికీ టక్కున పడుతుంది.

గొట్టాన్ని వెనకవైపు మూసే బ్రీచ్ ప్లగ్ పాడైంది. దాన్ని కట్టెకి బిగించే తోక విరిగిపోయింది, బొటనవేలితో నొక్కితే ప్లగ్ వెంట్రుకవాసి కదులుతోంది, మర చుట్టూ నల్లటి మరక కారి ఎండిపోయి ఉంది. మా దగ్గర లేత్ షాపతను "తీసుకురా, గ్యాస్‌తో కాస్త కాల్చి పాతది ఊడదీసి కొత్తది మర కోసి బిగిస్తా, గంట పని" అన్నాడు. పేల్చే ఉద్దేశం నాకు లేదు, గోడకి తగిలించుకుంటాను, కానీ తాతగారి చేతిలో ఎలా ఉండేదో అలా ఉండాలని ఉంది. ఏ ఉక్కు వాడమనాలి, మర ఎంత లోతు ఉండాలి?

లోకోషెడ్_ఫిట్టర్

బాబూ, ఆ గ్యాస్ మాట ముందు మనసులోంచి తీసెయ్. ఆ తుపాకీలో మందు కూరి ఉందో లేదో నీకు తెలుసా? పంటకాపలా తుపాకీ రాత్రి మంచె మీద కూరే ఉంచుతారు, పంది రాని రోజున అలాగే ఇంటికి తెస్తారు. నాటు తుపాకీ మందు పొడిగా ఉంటే వందేళ్లయినా చావదు. 2008లో అమెరికాలో, వర్జీనియాలో, అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండును శుభ్రం చేస్తూ ఒకాయన తన ఇంటి ముందే పేలి చనిపోయాడు, అప్పటికి ఆ గుండుకి దాదాపు నూట నలభై ఏళ్లు. మూసిన గొట్టంలో మందు ఉండగా వెనక మంట పెడితే ఆ ప్లగ్ ఎగిరేది లేతతని ముఖం మీదికే.

నేను నారో గేజ్ రోజుల్లో ఫిట్టర్‌ని. ఆవిరి ఇంజన్ బాయిలర్ కడగడానికి తీసే వాషౌట్ ప్లగ్గులు వందల్లో తీసి బిగించాను. అది మొన వైపు సన్నంగా ఉంటుంది, బిగించేకొద్దీ మరే మూత అవుతుంది. తుపాకీ ప్లగ్ అలాంటిది కాదు. మర తిన్నగా ఉంటుంది, దాని పని ప్లగ్‌ని పట్టి ఉంచడం. పేలినప్పుడు పుట్టే వాయువుని ఆపేది ప్లగ్ ముఖం, అది గొట్టం లోపలి మెట్టుకి కాగితం పట్టనంత దగ్గరగా ఆనాలి. అక్కడ సందు మిగిలితే పేల్చిన ప్రతిసారీ మసి దూరుతుంది, తుపాకీ మందు మసి ఉప్పులాంటిది, గాలిలో తేమ పీల్చి మరని లోపల్నుంచి తినేస్తుంది. నువ్వు చెప్పిన నల్ల మరక అదే. పైకి నాలుగు చుట్లు బాగున్నట్టే ఉంటాయి, లోపల పట్టు ఉండదు. పైగా పాత గొట్టాలు చాలావరకు ఇనుప పట్టీని చుట్టి కొలిమిలో అతికినవి, ఆ అతుకు ఎక్కడ బలహీనంగా ఉందో కంటికి కనపడదు. అందుకే ఉక్కు రకం చెప్పి పంపేస్తే అయిపోయే పని కాదు ఇది.

గుణుపూర్_రాజు

మా తాతగారి దగ్గరా ఒకటి ఉండేది. మూతి వైపు నుంచి టార్చి వేసి చూడండి, లోపల మెలితిరిగిన గాడులు ఉంటే ఎన్‌ఫీల్డ్ అనే పాత బ్రిటిష్ సైన్యపు రకం కావచ్చు, 1853 మోడల్‌కి గొట్టం 39 అంగుళాలు, లోపలి వ్యాసం 0.577. ఇంత పాతవాటికి లైసెన్సు అక్కర్లేదని విన్నాను, యాంటిక్, అంటే పురాతన వస్తువు కిందికి వస్తుంది కదా?

లోకోషెడ్_ఫిట్టర్

రాజు గారూ, మూతిలోకి తొంగి చూడమని దయచేసి ఎవరికీ చెప్పకండి. బాబూ, నిపుల్ మీద టోపీ లేదని, టోపీని కొట్టే గుర్రం ఎత్తి లేదని ముందు చూడు. మూతి మనుషులు లేని వైపు తిప్పి, నువ్వు పక్కన నిలబడి, సన్నని వెదురు పుల్ల మెల్లగా జార్చు. ఇనుప కడ్డీ వద్దు, పొడవొద్దు. ఆగిన చోట మూతి దగ్గర గుర్తు పెట్టి, పుల్ల తీసి అదే గుర్తు దగ్గర గొట్టం పక్కన పెట్టి చూడు. కొన నిపుల్ దాకా రావాలి. రాకపోతే లోపల ఏదో ఉంది. ఇక ముట్టుకోకు.

బరంపురం_గుమాస్తా

యాంటిక్ మాట మీద ఒకటి చెప్పాలి, చాలామంది ఇక్కడే పొరపడతారు. ఆర్మ్స్ యాక్ట్ (ఆయుధాల చట్టం) 1959లో 45వ సెక్షన్ పాతకాలపు ఆయుధాలకి మినహాయింపు ఇస్తుంది, నిజమే. కానీ రిపేరు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలని అందులోనే రాసి ఉంది. ప్లగ్ మారిస్తే పేలే తుపాకీకి అది వర్తించదు. తమ్ముడూ, నువ్వు అడుగుతున్నది సరిగ్గా దాన్ని మళ్లీ పేలేలా చేసే రిపేరే. ఆ రిపేరు చేయడానికి 5వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి, లేత్ షాపతనికి అది ఉండదు, పాపం తెలియక అతనూ కేసులో ఇరుక్కుంటాడు.

తాతగారి లైసెన్సు ఆయనతోనే పోయింది. ఇప్పుడు నీ ఇంట్లో ఉన్నది లైసెన్సు లేని ఆయుధం. టెన్షన్ పడకు, దారి ఉంది. 21వ సెక్షన్ ప్రకారం పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత వారసుడిగా కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, 2016 ఆర్మ్స్ రూల్స్‌లో వారసులకి ప్రత్యేకంగా చోటు ఉంది. నిజమైన పంట కాపలాకి మూతి నుంచి మందు కూరే తుపాకీ అని చట్టంలోనే, 13వ సెక్షన్‌లో రాసి ఉంది, కాబట్టి ఆ చెద తిన్న పుస్తకం పారేయకు, అదే నీ ఆధారం. సంచిలో పెట్టుకుని బస్సెక్కొద్దు. ముందు స్టేషన్‌కి ఫోన్ చెయ్.

మహేంద్రతనయ_ఒడ్డు

ఫిట్టర్ మావయ్యగారూ, పుల్ల పెట్టి చూశాను. నిపుల్‌కి నాలుగు వేళ్ల ఇవతలే ఆగిపోయింది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అక్కడే. పుల్ల కొసకి, మందు మీద కూరే జనపనార పోగు ఒకటి అంటుకుని వచ్చింది.

లేత్ షాపతనికి ఫోన్ చేసి చెప్పాను, కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయనకి ఇద్దరు చిన్నపిల్లలు, ఎప్పుడూ షాపులోనే ఆడుకుంటూ ఉంటారు.

మా పిల్లల్ని అత్తగారింటికి పంపి గదికి తాళం వేసి స్టేషన్‌కి ఫోన్ చేశాను. ఇద్దరు వచ్చి వాళ్లే తీసుకెళ్లారు, లోడై ఉందని కాగితం మీద రాయించాను. రసీదు ఒడియాలో ఉంది, లైసెన్సు పుస్తకంతో కలిపి బీరువాలో పెట్టాను. గుమాస్తా అన్నయ్యా, వారసుల దరఖాస్తుకి నాన్నగారి సంతకం ఒక్కటే చాలా, లేక ఇద్దరు అత్తయ్యలవి కూడా కావాలా? పెద్దత్తయ్య పాతపట్నంలో ఉంటారు, అంటే ఆంధ్రా వైపు.

బరంపురం_గుమాస్తా

అత్తయ్యలిద్దరి నుంచీ అభ్యంతరం లేదని రాయించుకో తమ్ముడూ. ఏ రాష్ట్రంలో ఉన్నా వారసులు వారసులే. మందు బుర్ర ఖాళీదేనా? అది కూడా చూసుకో.