ఉద్యోగం పోయి పంతొమ్మిది రోజులు, ఇంట్లో ఇంకా చెప్పలేదు: అనుభవం ఉన్నవారు చెప్పండి

మియాపూర్ మెట్రో
నా వయసు 41. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ విభాగంలో తొమ్మిదేళ్ల ఎనిమిది నెలలు పనిచేశాను. గత నెల ఒక మంగళవారం మధ్యాహ్నం హెచ్ఆర్ వాళ్లు గదిలోకి పిలిచారు. ప్రాజెక్టు ముగిసింది, నాకు తగిన పని లేదు, సాయంత్రం ఆరు లోపల రాజీనామా పంపితే రెండు నెలల జీతం ఇస్తాం, లేకపోతే తొలగించినట్లు రాస్తాం అన్నారు. తొలగింపు అనే మాట వినగానే భయం వేసింది. అయిదున్నరకే రాజీనామా పంపేశాను.

ఆ మర్నాటి నుంచి రోజూ మామూలు వేళకే టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరుతున్నాను. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని దరఖాస్తులు పంపుతున్నాను. చుట్టూ గ్రూప్స్‌కు చదివే పిల్లలు. నా భార్యకు తెలియదు, తెనాలిలో ఉన్న నాన్నకూ తెలియదు. ఇంటి అప్పు వాయిదా నెలకు 48 వేలు. ఇంతవరకు 83 దరఖాస్తులు పంపాను, రెండు ఫోన్లు వచ్చాయి. నాకు రావలసిన డబ్బు ఏమిటి, ఈ వయసులో పని ఎలా వెతకాలి, ఇంట్లో ఎలా చెప్పాలి? ఏ ఒక్కటి తెలిసినా రాయండి.

కృష్ణా కరకట్ట
మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను అన్నయ్యా, ఎందుకంటే మిగతా రెండూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఈ రాత్రే చెప్పండి.

2020లో నా ఉద్యోగం పోయినప్పుడు నేను మూడు నెలలు దాచాను. జీతం పడుతున్నట్లు కనిపించాలని క్రెడిట్ కార్డు మీద నగదు తీసి, దాన్నే ఇంటి ఖర్చుకు ఇచ్చాను. ఆ అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది. ఉద్యోగం పోయినందుకు నా భార్య ఒక్క మాట అనలేదు. ఆ మూడు నెలల్లో తను పాపకు సంగీతం క్లాసులో కొత్తగా ఫీజు కట్టింది, వాళ్ల చెల్లెలి పెళ్లికి పట్టుచీర కొన్నది. "నాకు తెలిసి ఉంటే ఆ చీర కొనేదాన్నా?" అని అడిగింది. దానికి నా దగ్గర ఈరోజుకీ జవాబు లేదు. మీరు దాచే ప్రతి రోజూ ఆవిడ తెలియక ఏదో ఒక ఖర్చు చేస్తూనే ఉంటారు.

పద్దుల పుస్తకం
నేను జీతాల విభాగంలో పద్నాలుగేళ్లు పనిచేశాను. డబ్బు సంగతి నేను చెబుతాను.

గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి పనిచేసినందుకు ఉద్యోగం వదిలేటప్పుడు సంస్థ ఇచ్చే డబ్బు): అయిదేళ్లు నిండాయి కాబట్టి, రాజీనామా చేసినా అది మీ హక్కే. చాలామంది రాజీనామా చేస్తే పోతుందనుకుని అడగరు. చివరి మూలవేతనం, కరువు భత్యం కలిపి 15తో గుణించి 26తో భాగిస్తే ఒక ఏడాదికి వచ్చేది తెలుస్తుంది. చివరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. అంటే మీకు పదేళ్లు. మీ మూలవేతనం 52 వేలనుకుంటే ఏడాదికి 30 వేలు, మొత్తం మూడు లక్షలు. దీన్ని 30 రోజుల్లోగా చెల్లించాలి. మెయిలులో రాసి అడగండి, ఫోనులో కాదు.

మీరు పోగొట్టుకున్నది ఒకటి ఉంది, దాచకుండా చెబుతాను. రిట్రెంచ్‌మెంట్ (పని లేదని సిబ్బందిని తగ్గించడం) కింద తొలగించి ఉంటే, చట్టంలోని వర్క్‌మన్ (కార్మికుడు) నిర్వచనంలోకి వచ్చే వారికి నెల నోటీసు లేదా దానికి బదులు జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారం రావాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్నదే ఇది, 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతిలోనూ ఉంది. రాజీనామా అని రాసిచ్చాక ఇది అడగడం కష్టం. నిర్వాహక హోదా ఉన్నవారికి ఆ నిర్వచనం వర్తించకపోవచ్చు, అందుకే కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాదికి మీ నియామక పత్రం ఒకసారి చూపించండి. ఆ గదిలో కూర్చున్న మనిషి "ఆలోచించుకుని రేపు చెబుతాను" అనగలిగితే చాలు. ఆ ఒక్క మాట చెప్పలేక లక్షలు వదులుకున్న వారిని నేను కళ్లారా చూశాను. ఆ కాగితాలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి.

పీఎఫ్ మాత్రం వెంటనే ముట్టుకోకండి. 2025 అక్టోబరులో పీఎఫ్‌ను నిర్వహించే ఇపిఎఫ్ఓ ధర్మకర్తల మండలి ఆమోదించిన మార్పుల ప్రకారం ఉద్యోగం పోగానే 75 శాతం, మిగతాది ఏడాది తర్వాత తీసుకోవచ్చు. తీసుకోవచ్చు కదా అని తీసుకోకండి. పదేళ్ల సర్వీసు నిండితేనే నెలవారీ పింఛను వస్తుంది. కొత్త ఉద్యోగంలో అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ సంఖ్య) ఇచ్చి ఖాతా బదిలీ చేసుకోండి.

మియాపూర్ మెట్రో
గ్రాట్యుటీ పోయిందనే అనుకున్నాను. ఇప్పుడే మెయిలు పంపాను. ఇంటి సంగతి ఈ రాత్రికి.

జీడిమెట్ల
సాఫ్ట్‌వేర్ వారికి వర్తించకపోవచ్చు, కానీ ఇది చదివే ఇతరుల కోసం రాస్తున్నాను. జీడిమెట్లలో ప్యాకింగ్ పని చేసేదాన్ని. 2021లో మా షెడ్డు మూసేశారు. నాకు ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉంది. ఆస్పత్రి కోసమే అనుకున్నాను గానీ, అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఉద్యోగం పోయినవారికి ఒక పథకం ఉందని మా వీధిలో ఒక అక్క చెప్పింది. అప్పట్లో సగటు రోజువారీ వేతనంలో 50 శాతం చొప్పున గరిష్ఠంగా 90 రోజులకు ఇచ్చేవారు, జీవితంలో ఒక్కసారే. ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకుని మూడుసార్లు తిరిగాను. డబ్బు నేరుగా ఖాతాలో పడింది. మా ఇద్దరు పిల్లల బడి ఫీజు దానితోనే కట్టాను. మాతో పనిచేసిన ముప్పై మందిలో నలుగురికే ఈ సంగతి తెలుసు. మిగతా వాళ్లను తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇర్వింగ్ వాసి
టెక్సాస్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ హెచ్1బి (ఉద్యోగ వీసా) మీద ఉన్నవారికి డబ్బు కంటే ముందు కాలంతో పోరాటం. చివరి పనిదినం నుంచి గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ94 (దేశంలో ఎంతవరకు ఉండవచ్చో చెప్పే పత్రం) గడువు, ఏది ముందైతే అది. ఆ లోపల కొత్త యజమాని పిటిషన్ దాఖలు చేయాలి, లేదా వేరే హోదాకు మారడానికి దరఖాస్తు చేయాలి, కాకపోతే దేశం విడిచి వెళ్లాలి. నా భార్యకు హెచ్1బి ఉండడంతో నేను హెచ్4కు (హెచ్1బి ఉన్నవారి కుటుంబ సభ్యుల హోదా) దరఖాస్తు చేసి ఊపిరి పీల్చుకున్నాను. హెచ్1బి గడువుకు ముందే యజమాని తీసేస్తే, స్వదేశానికి తిరుగు ప్రయాణానికి తగిన ఖర్చు వాళ్లే భరించాలన్నది నియమం. మనవాళ్లు మొహమాటపడి అడగరు. అడగండి.

నేను 52వ రోజు వరకు మా అమ్మకు చెప్పలేదు. వీడియో కాల్ కోసం రోజూ చొక్కా మార్చుకుని కూర్చునేవాణ్ణి. అందుకే మియాపూర్ గారి టిఫిన్ డబ్బా గురించి చదవగానే ఆగిపోయాను.

మియాపూర్ మెట్రో
చెప్పాను. పిల్లలు పడుకున్నాక వంటింట్లో చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "మరి రోజూ ఆ డబ్బా ఎక్కడ తింటున్నావు?" గ్రంథాలయం మెట్ల మీద అన్నాను. అప్పుడు ఏడ్చింది.

ఉద్యోగం గురించి కోపం లేదు, పంతొమ్మిది రోజుల గురించి ఉంది. ఆ కోపం న్యాయమైనదే. మర్నాడు పొద్దున్నే ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. రెండు నెలల జీతం, గ్రాట్యుటీ, పొదుపు కలిపితే ఏడు నెలలు గడుస్తుంది. నేను ఒక్కణ్ణే వేసుకున్న లెక్కలో మూడు నెలలే వచ్చింది, ఎందుకంటే ఆమె పోస్టాఫీసులో దాచిన డబ్బు నాకు గుర్తే లేదు.

పద్దుల పుస్తకం
బ్యాంకుకు వాయిదా తప్పకముందే వెళ్లండి. 90 రోజులు బకాయి పడితే ఖాతాను నిరర్థక ఆస్తిగా (మొండి బకాయిగా) వర్గీకరిస్తారు, ఆ తర్వాత మాట్లాడడం కష్టం. ఆఫీసు ఆరోగ్య బీమా చివరి రోజుతో ఆగిపోతుందని మరచిపోకండి. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారడానికి వీలుంటుందేమో వెంటనే అడగండి. కొత్త పాలసీ తీసుకుంటే ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ పెట్టవచ్చు. మారినప్పుడు ఇదివరకు గడిచిన కాలం కలిసి వస్తుంది. ఇంట్లో షుగరు, బీపీ ఉన్నవారుంటే ఈ పని ముందు చేయండి.

అమీర్‌పేట అనుభవం
ఒక హెచ్చరిక. నాలాగా మోసపోకండి. ఆరు నెలలు ఖాళీగా ఉన్నాక, దొడ్డిదారిన పెద్ద కంపెనీలో ఉద్యోగం ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్షన్నర తీసుకున్నారు. నియామక పత్రం వచ్చింది, శిక్షణ కూడా రెండు వారాలు జరిగింది. మూడో వారం వెళ్తే గదికి తాళం. నగలు కుదువపెట్టి తెచ్చిన డబ్బు అది. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయినవారు వెంటనే 1930కి ఫోను చేయాలని నాకు ఆలస్యంగా తెలిసింది. ఉద్యోగం ఇచ్చేవాడు మనకు జీతం ఇవ్వాలి గానీ మన దగ్గర డబ్బు తీసుకోకూడదు. అనుభవం లేని ఏళ్లను అనుభవంగా చూపించే దొంగ పత్రాల జోలికీ వెళ్లకండి. ఏడాది తర్వాత పరిశీలనలో బయటపడితే ఆ ఉద్యోగమూ పోతుంది, నిజమైన అనుభవాన్నీ ఎవరూ నమ్మరు.

మళ్లీ మొదలు
మియాపూర్ గారూ, ఇక పని వెతకడం గురించి. నాకు 44 ఏళ్లప్పుడు ఉద్యోగం పోయింది. మీలాగే వందలకొద్దీ దరఖాస్తులు పంపాను. ఉద్యోగం మాత్రం వాటిలో ఏ ఒక్కదానివల్లా రాలేదు.

నోటుపుస్తకంలో నాతో ఇన్నేళ్లు పనిచేసిన అందరి పేర్లూ రాశాను. అరవై దాటాయి. రోజుకు నలుగురికి ఫోను. "ఏదైనా ఉంటే చెప్పండి" అనడం మానేశాను. అలా అడిగితే అవతలివారికి ఏం చేయాలో తెలియదు. "మీ సంస్థలో బ్యాంకింగ్ టెస్టింగ్ చేసే బృందం ఉందా, దాని పెద్దతో పదినిమిషాలు మాట్లాడించగలరా?" అని అడగడం మొదలుపెట్టాను. నలభై మూడో ఫోను పదేళ్ల క్రితం నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయికి. "మేడమ్, మీరు ఖాళీగా ఉన్నారని నాకెందుకు చెప్పలేదు?" అని మందలించింది. ఇప్పుడు ఆ అమ్మాయి బృందంలోనే చేస్తున్నాను. నా పై అధికారి వయసులో నాకంటే పదకొండేళ్లు చిన్న. మొదటి నెల కష్టంగా అనిపించింది. ఇప్పుడు లేదు.

రెజ్యూమెలో పాత ప్రాజెక్టులన్నీ పెట్టకండి, రెండు పేజీలు చాలు. ఖాళీ కాలం గురించి అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ఇన్ని చోట్ల ఇంతమందిని తీసేశాక ఎవరూ దాన్ని వింతగా చూడడం లేదు.

మియాపూర్ మెట్రో
ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. గ్రాట్యుటీ రెండు సార్లు మెయిలు పెట్టాక పడింది. నోటుపుస్తకం పద్ధతిలో 31 ఫోన్లు చేశాను. పాత సంస్థలో నా పక్క కుర్చీలో కూర్చున్న మిత్రుడి ద్వారా ఒక చిన్న సంస్థలో అవకాశం వచ్చింది. జీతం పాతదానికంటే 28 శాతం తక్కువ. ఒప్పుకోవాలా వద్దా అని రెండు రోజులు మథనపడ్డాను. మా ఆవిడ మళ్లీ ఆ కాగితం తీసి, ఈ జీతంతో వాయిదా, బడి ఫీజులు వెళ్తాయని, కారు అమ్మితే మిగులు కూడా ఉంటుందని చూపించింది. కారు అమ్మేశాం. నాన్నకు కూడా నేనే ఫోనులో చెప్పాను. "ముందే చెప్పి ఉంటే బియ్యం పంపేవాణ్ణి కదరా" అన్నారు.

సోమవారం చేరుతున్నాను. ఈరోజు గ్రంథాలయానికి వెళ్లి వచ్చాను. నా పక్కన కూర్చునే అబ్బాయి గ్రూప్-2 మూడోసారి రాస్తున్నాడు. రోజూ తన డబ్బాలోని పచ్చడి నాకు పెట్టేవాడు. బీటెక్ చేశాడట, నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఆదివారం తన రెజ్యూమె తీసుకుని మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను. మళ్లీ మొదలు గారూ, టెస్టింగ్‌లో కొత్తవాళ్లను తీసుకునే చోటు మీకేదైనా తెలుసా?